పిల్ల కొరియా పాటలు వింటోంది, ఇంట్లో యాసంటే నామోషీ పడుతోంది

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరుండేది విజయనగరంలో, అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రయితే చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఫోన్లో కొరియా పాటలు, కొరియా సీరియళ్లు, గోడ మీద ఆ కుర్రాళ్ల బొమ్మలు. పోయిన దసరా వెళ్లాక పైడితల్లమ్మ సిరిమాను జాతరకి, పొడుగాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ సంబరానికి, రమ్మంటే "తోపులాట, దుమ్ము, నేను రాను" అంది. వీటన్నిటికన్నా మీకు కష్టం కలిగించింది వేరే ఉంది. స్నేహితురాళ్లు ఇంటికొచ్చినప్పుడు "అమ్మా, నువ్వేం మాట్లాడకు" అని చెవిలో చెప్పింది. "ప్రపంచంలోని సినిమాలూ పాటలూ ఇలా ఇంట్లోకి వచ్చి పడితే మన పిల్లలకి మన ఊరు, మన తీరు మిగలవా?" అని అడిగారు. ఇప్పటికే ఒకాయన ఫోన్ లాక్కోమన్నారు. ఇంకొకరు "కాలం మారిపోనాది, ఒగ్గీండి" అన్నారు. నాకు రెండూ నచ్చలేదు. శ్రీకాకుళం జిల్లాలో ముప్ఫై ఏళ్లకి పైగా డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పినవాణ్ణి. సెలవులొస్తే సంచిలో టేపు రికార్డరు వేసుకుని తప్పెటగుళ్లూ జముకుల కథలూ లాంటి మన జానపద ఆటపాటలు రికార్డు చేసుకుంటూ ఊళ్లు తిరిగేవాణ్ణి. అంచేత జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మీ ఊరి సంగతే చూద్దాం. విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, జనం నోట్లో "ఫిడేలు నాయుడు గారు". ఫిడేలు ఎక్కడిదమ్మా? ఐరోపాది. నిలబడి, గడ్డం కింద నొక్కిపెట్టి దొరలు వాయించుకునే వాయిద్యం. సుమారు రెండొందల ఏళ్ల క్రితం ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ల దగ్గర దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. తర్వాత మనవాళ్లు దాన్ని చాప మీద కూర్చోబెట్టారు. ఒక కొసని గుండెకీ, ఇంకో కొసని కాలి మడమ దగ్గరకీ ఆనించారు. తీగల శ్రుతి మార్చారు, గమకాలు పలికించారు. ఈవేళ ఫిడేలు లేకుండా కర్ణాటక కచేరీ ఊహించగలమా? హరికథ పక్కన చేరిన హార్మోనియం సంగతీ అంతే. ఘంటసాల గారూ, సుశీల గారూ చదువుకున్న బడి అది. బయటి నుంచి వచ్చింది గనక మనల్ని పాడు చేస్తుందనే మాట మిగతా చోట్ల చెల్లుతుందేమో గాని, విజయనగరంలో కూర్చుని అనడం కష్టం.

ఇంకో రెండు చెప్పి ముందుకెళ్తాను. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారికి పేరు తెచ్చింది సర్కస్ కంపెనీ. సర్కస్ గుడారం ఎక్కడి సరుకు? ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీలో కంచు పతకం తెచ్చింది. ఆ ఇనుప కడ్డీ ఆట మన జాతరల్లో పుట్టింది కాదు. సంగిడీ రాళ్లెత్తే ఊళ్లు కాబట్టే అది ఇక్కడ అంత తొందరగా అంటుకుందని నా అనుమానం. అది వేరే కథ.

అయితే ఫిడేలు ఊరికే మనదైపోలేదు. దానికి గురువు దొరికాడు, ఏళ్ల తరబడి శిష్యుణ్ణి ఇంట్లో ఉంచుకుని నేర్పాడు. జీతమిచ్చే రాజు దొరికాడు. బాగా వాయిస్తే "భళా" అని, శ్రుతి తప్పితే మొహం చిట్లించే శ్రోతలు దొరికారు. వచ్చినదాని చుట్టూ ఇంతమంది చేరి దాని గురించి మాట్లాడుకున్నారు, తగువులాడుకున్నారు, దాన్ని మార్చుకున్నారు. మీ అమ్మాయి కొరియా పాట చుట్టూ ఎవరున్నారు? నాకు కనబడే తేడా అక్కడుంది.

ఈ విషయం మీద చదువుకున్నవాళ్లూ చాలా కొట్టుకున్నారు. 1970లలో హెర్బర్ట్ షిల్లర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన దేశాన్నే తప్పుపట్టాడు. సినిమాలూ టీవీ కార్యక్రమాలూ పేద దేశాల మీదికి సామ్రాజ్యాల్లాగే వచ్చి పడుతున్నాయన్నాడు. వార్తలూ కార్యక్రమాలూ ఒక వైపు నుంచే ప్రవహిస్తున్నాయని 1980లో యునెస్కో నివేదిక కూడా మొత్తుకుంది. అది అబద్ధమని నేననను. కాని ఆ వాదంలో చూసేవాడు మట్టి ముద్ద. ఎలా నొక్కితే అలా అచ్చు పడతాడన్నట్టుంటుంది. అది నిజమో కాదో చూద్దామని తమర్ లీబెస్, ఎలిహు కాట్జ్ అనే ఇద్దరు 1980లలో ఇజ్రాయెల్‌లో ఒక పని చేశారు. "డాలస్" అని టెక్సస్ చమురు ఆసాముల కుటుంబ కథ, అప్పట్లో లోకమంతా చూసిన అమెరికా సీరియల్. అరబ్బులు, మొరాకో నుంచి వచ్చిన యూదులు, రష్యా నుంచి వచ్చినవాళ్లు, ఇలా రకరకాల జనాన్ని గుంపులుగా ఇళ్లలో కూర్చోబెట్టి ఆ సీరియల్ చూపించారు. తర్వాత "ఏం జరిగిందో చెప్పండి" అన్నారు. ఒక భాగంలో కోడలు బిడ్డనెత్తుకుని మొగుణ్ణి వదిలి వెళ్లిపోతుంది. వెళ్లింది తన ప్రేమికుడూ, అతని తండ్రీ ఉండే ఇంటికి. ఒక అరబ్బు గుంపు మాత్రం ఆవిడ పుట్టింటికి వెళ్లిందని చెప్పింది! వాళ్ల లోకంలో కాపురం చెడిన ఆడపిల్ల వెళ్లేది అక్కడికే మరి. రష్యా వాళ్లేమో ఇది మనకేదో ఎక్కించడానికి తీసిన కథని అనుమానించారు. సీరియల్ ఒక్కటే, చూసినవాళ్లు తలా ఒక కథ తీసుకెళ్లారు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. 1987, 88లలో ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో రామాయణం వచ్చేది. మా ఊరికంతటికీ టీవీ పంచాయతీ ఆఫీసులో ఒక్కటే. హిందీ ముక్క ఒక్కరికీ రాదు. అయినా గంటసేపు నోళ్లు మూతపడేవి కావు. "ఆలి మాట ఇనీసి కన్నకొడుకుని అడివికి పంపీసినాడు, ఈడేటి రాజు!" అని మా నాయనమ్మ దశరథుణ్ణి కడిగేసేది. వెనకనుంచి ఇంకెవరో "మీ మావ కూడా అలగే సేసినాడు కదేటే" అనేవారు. అక్కణ్ణుంచి ఊళ్లో భూముల పంపకాల దాకా వెళ్లేది మాట. తెర మీద బొమ్మ ఎవరిదైనా ఆ గొడవ మాది.

మీ అమ్మాయి చూసే సీరియళ్లలో అత్తలున్నారు, ఆస్తి తగాదాలున్నాయి, పెద్దల ముందు నడుం వంచడాలున్నాయి, కొత్త బట్టలేసుకునే పంటల పండగుంది. మా నాయనమ్మ చేతికి చిక్కితే వాటిని పిండి ఆరేసేది. కాని 2016లో డేటా చవకై ఇంటికి ఒక తెర ఉండాల్సింది మనిషికొకటి అయ్యాక, వచ్చినదాన్ని నలుగురూ కలిసి నమిలే అలవాటు పోయింది. బొమ్మ నేరుగా ఒక్క పిల్ల చెవిలోకి వెళ్తోంది, మధ్యలో నాయనమ్మ లేదు. అందుకే నాకు కొరియా పాట మీద లేని అనుమానం ఆ ఇయర్‌ఫోన్ మీద ఉంది.

కొరియా వాళ్ల సంగతి కూడా కొంచెం తెలుసుకోండి, అమ్మాయితో మాట్లాడటానికి పనికొస్తుంది. వాళ్లదీ మీ భయమే. తమని ఏలిన జపాను పాటలూ సినిమాలూ వస్తే కొరియాతనం పోతుందని దశాబ్దాల పాటు వాటిని నిషేధించుకున్నారు. 1998 నుంచి మెల్లమెల్లగా ఆ తలుపులు తీశారు. ఈలోగా 1994లో వాళ్ల అధ్యక్షుడి ముందు ఒక లెక్క పెట్టారు: ఒక్క హాలీవుడ్ రాక్షసబల్లుల సినిమా వసూళ్లు పదిహేను లక్షల హ్యుందాయ్ కార్లు అమ్మినంత అని. దాంతో సినిమా, పాట కూడా పరిశ్రమలేనని ప్రభుత్వం డబ్బు పెట్టింది, చట్టాలు చేసింది. ఈవేళ మీ అమ్మాయి వినే పాటలో అమెరికా నల్లవాళ్ల ర్యాప్ ఉంది, కుర్రాళ్లని చిన్నప్పటి నుంచి ఒక చోట పెట్టి తర్ఫీదు చేసే జపాను పద్ధతి ఉంది. అరువు సరుకే, కాని పాడే భాష వదల్లేదు. ఇంగ్లీషు ముక్కలు కలిపినా, ఎక్కువ పాటలు కొరియా భాషలోనే ఉంటాయి. లోకం ఆ భాష నేర్చుకోవడానికి వెంటపడుతోంది. 2021లో పిల్లలందరూ చూసిన ఆ చావుబతుకుల ఆటల సీరియల్ "స్క్విడ్ గేమ్"లో ఉన్నవేమిటి? వాళ్ల వీధి పిల్లల ఆటలు. అందులో గోలీలు కూడా ఉన్నాయని మా వీధి కుర్రాడొకడు ఆశ్చర్యపడి నా దగ్గరికొచ్చి చెప్పాడు. "మీ తాత ఆడినవే నాయనా" అన్నాను. నమ్మలేదు. వాడికి గోలీలు కొరియా నుంచే తెలిశాయి.

ఇంక అసలు గాయం దగ్గరికొద్దాం. "నువ్వేం మాట్లాడకు" అన్న మాట.

అది కొరియా నేర్పిన మాట కాదమ్మా. ఏ కొరియా కుర్రాడికీ మీరు "లేదు"ని "నేదు" అంటారని తెలీదు, తెలిసినా నవ్వడు. నవ్వడం నేర్పింది మన తెలుగు తెరే. ఎన్నేళ్లుగా చూస్తున్నాం, "ఏటి బావూ", "బేగి రా", "ఓలమ్మో" అనే పాత్ర తెర మీదికొస్తే అది పనిమనిషో, తోటమాలో, నవ్వించడానికి తెచ్చిన అమాయకుడో. హీరో ఏ జిల్లావాడైనా మాట్లాడేది ఒకటే తెలుగు. వార్తలు చదివే అమ్మాయిదీ అదే. స్కూలు మాస్టారు సరిదిద్దేదీ అందులోకే. దాని పైన ఇంగ్లీషు మీడియం ఒక అంతస్తు. ఇవన్నీ కలిసి పిల్లకి ఒక నిచ్చెన చూపించాయి, అమ్మ మాట అందులో కింది మెట్టు.

ఇది నా ఒంటి మీద కూడా పడింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే జిల్లాలో ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. "ఒంట్లో బాగు నేదండి" అన్నాను. గదంతా గొల్లుమంది. తెలుగు మాస్టార్నండీ నేను! ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠం చెబుతూ "లేదు" అనాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, నాలుక సర్దుకుని అనేవాణ్ణి. మా అమ్మ చూడ్డానికి కాలేజీకి వస్తే గేటు దగ్గరే కలిసి పంపించేశాను. మీ అమ్మాయి చేసిన పనే నేనూ చేశాను, అప్పుడు నా దగ్గర ఫోనూ లేదు, కొరియా పాటా లేదు.

ఇందులో చేదేమిటంటే, మాట్లాడే తెలుగుకి గౌరవం ఇవ్వాలని పోరాడింది ఈ నేలే. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో మీ ఊళ్లోనే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. మనుషులు ఇళ్లలో, వీధుల్లో ఎలా మాట్లాడతారో నాటకంలో అలాగే మాట్లాడించాడాయన. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా వాడుక భాష కోసం పండితులతో తలపడ్డారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే కదా తెలుగు భాషా దినమని బళ్లో పిల్లలకి పంచెలు, లంగా ఓణీలు వేయిస్తున్నాం. వాడుక భాష గెలిచింది. కాని గెలిచాక పత్రికల్లో, సినిమాల్లో కుర్చీ ఎక్కింది కృష్ణా, గుంటూరు వైపు చదువుకున్నవాళ్ల వాడుక. మన వాడుక గుమ్మం బయటే నిలబడింది. పోరాడిన ఊరివాళ్లం మనం, ఆ మాటే మాట్లాడ్డానికి సిగ్గుపడేదీ మనమే.

తెర ఎంత చెడుపు చేసిందో, అప్పుడప్పుడు అంత మేలూ చేస్తుంది. 2018లో మన మత్స్యకారులు గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇళ్లకొచ్చారు. ఆ సంఘటన ఆధారంగా 2025లో "తండేల్" సినిమా వచ్చింది. పెద్ద హీరో మొదటి నుంచి చివరి దాకా శ్రీకాకుళం యాసలో మాట్లాడాడు. పడవ నాయకుణ్ణి "తండేల్" అంటారని రాష్ట్రమంతటికీ తెలిసింది. యాస పలికిన తీరులో తప్పులు వెతకమంటే ఒక కాగితం నిండా రాసివ్వగలను. అయినా హాల్లో మా పక్కన కూర్చున్న కుర్రాళ్లు నవ్వలేదు, అది చాలు నాకు. ఇంకో వైపు చూస్తే, పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు గారి "ఏం పిల్లడో ఎల్దామొస్తవా" పల్లవి 2009లో ఒక భారీ సినిమా పాటలోకి వెళ్లింది. ఆ తర్వాత తరగతిలో దాని గురించి అడిగితే సగం మంది సినిమా పాటే అన్నారు. ఉద్యమంలో పుట్టిన పాట అది. ఊరూ పేరూ ఊడిపోయి, ఊపు మాత్రం మిగిలింది.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. నేను తిరిగిన ఊళ్లలో తప్పెటగుళ్ల బృందాలు చాలా తగ్గిపోయాయి. పదిహేనిరవై మంది మగవాళ్లు గుండెల మీద రేకు గుళ్లు కట్టుకుని, గజ్జెలతో, రాత్రంతా ఆడి పాడే ఆట. దాన్ని చంపుతున్నదేమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది డీజే బండిని. జాతర కమిటీకి ఇరవై మందికి భోజనం, బస, సంభావన ఇవ్వడం భారం. డీజే అయితే ఒక వ్యాను, ఇద్దరు కుర్రాళ్లు, ఊరదిరే చప్పుడు. రాజాం వైపు ఒక గురువు నాతో అన్నాడు: "బావూ, ఆట రాక కాదు, పిలుపు రాక ఒగ్గీసినాం." ఆయన కొడుకు కొన్నాళ్లు ఆ ఆటనే టిక్‌టాక్‌లో పెట్టాడు, వేలమంది చూశారు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధించేసరికి ఆ చూసేవాళ్లంతా ఒక్క రాత్రిలో మాయమయ్యారు. కళకి చప్పట్లు ఎక్కడున్నాయో, ఆ చోటు ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోవాలి.

మనం బాధితులం అనుకుని కన్నీళ్లు పెట్టుకునే ముందు సీతంపేట కొండల వైపు ఒకసారి చూడాలి. అక్కడి గిరిజనులు మాట్లాడే సవర భాష తెలుగు కుటుంబంది కూడా కాదు, ముండా అనే వేరే కుటుంబపు భాషల్లోది. గిడుగు వారు దాన్ని నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. నా దగ్గర చదివిన ఒక సవర అబ్బాయి ఓసారి అన్నాడు: "మాస్టారూ, మీకు ఇంగ్లీషు ఎంత పెద్దదో మాకు తెలుగు అంత పెద్దది. మా చెల్లి రోజంతా తెలుగు రీల్సే చూస్తది." మీ అమ్మాయి మీద కొరియా ఎంత బరువు వేస్తోందని మీరు భయపడుతున్నారో, అంతకి ఎన్నో రెట్లు మన తెలుగు ఆ పిల్ల మీద వేస్తోంది. జవాబు రాక నేను ఆవేళ అటెండెన్స్ తీసుకోవడం మొదలుపెట్టాను.

సరే, మీరేం చెయ్యాలి? ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే పాట ఇంకా తియ్యగా ఉంటుంది. ఒక రాత్రి పక్కన కూర్చుని "ఏటే, ఆ అబ్బాయి ఎందుకేడుస్తన్నాడు?" అని అడగండి. మొదట విసుక్కుంటుంది. మా ఇంట్లో బెంగళూరు నుంచి వచ్చిన మనవరాలు అలాగే విసుక్కుంది. మా ఆవిడ ఊరుకోలేదు. మూడో రోజుకి ఆ సీరియల్లో అత్తగారికి మా పెద్దాడపడుచు పేరు పెట్టేసింది. ఇప్పుడు సెలవులకి వస్తే ఆ పిల్లే అమ్మమ్మని పిలిచి కూర్చోబెడుతుంది. పెద్ద పెద్ద సిద్ధాంతాలు చదివి నేను చేయలేనిది మా ఆవిడ చేసింది.

రెండోది మిమ్మల్నే అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అక్కతో ఫోన్లో మాట్లాడే మాటా, స్కూల్లో టీచరుతో మాట్లాడే మాటా ఒకటేనా? పిల్లతో ఏ మాట మాట్లాడుతున్నారు? నేను మా పిల్లలతో "మంచి తెలుగు"లోనే మాట్లాడి పెంచాను, వాళ్లకి "గెడ్డ" అంటే వాగు అని చెప్పాల్సి వస్తోంది. మీరు గొంతు తగ్గించి మాట్లాడిన రోజులు ఆ పిల్ల చూసే ఉంటుంది. నామోషీ ఆమెకి ముందు అక్కడ కనబడి ఉంటుందని నా ఊహ. తప్పయితే క్షమించండి.

సిరిమాను సంగతికొస్తే, ఆ మంగళవారం తోపులాటలో పదిహేడేళ్ల పిల్ల రానంటే దాన్ని సంస్కృతి మీద తిరుగుబాటుగా తీసుకోకండి. ఇప్పుడు డ్రోన్లతో తీసి లైవ్‌లో చూపిస్తున్నారు, అమెరికాలో ఉన్నవాళ్లూ చూస్తున్నారు. అయితే కెమెరా మాను చివర కూర్చున్న పూజారి మీదే ఉంటుంది. ముందు నడిచే బెస్తవారి వల, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు ఒక్క క్షణం కనబడి పోతాయి. ముందురోజు తొలేళ్లలో రైతులు విత్తనాలు కళ్లకద్దుకుని తీసుకెళ్లడం చాలామంది చూడనే చూడరు. వల ఎందుకు ముందు నడుస్తుందో, పెద్దచెరువులో అమ్మవారు దొరికిన కథ ఏమిటో ఆ లైవ్‌లో ఎవరూ చెప్పరు.

ఈ ఏడూ రానంటే ఒగ్గీండి. మీరు మాత్రం వెళ్లండి. తిరిగొచ్చాక వంటింట్లో మీ చెల్లెలికో, పక్కింటావిడకో, ఎవరు ఎవర్ని తోసీసినారో, మాను మూడోసారి తిరిగేసరికి ఎంత పొద్దుపోనాదో, మీ మాటలోనే గట్టిగా చెప్పుకుని నవ్వుకోండి. ఒక చెవి ఇయర్‌ఫోన్ అయినా తీస్తుంది.